సందులోకి గాజు దూరితే వోల్టేజీ ఎందుకు పడిపోతుంది?

రెండు లోహపు పలకలు. ఒక్కోటి 20 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు. వాటిని 2 మిల్లీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా నిలబెట్టి, 500 వోల్టుల సప్లైకి కలిపి, క్షణం ఆగి తీగలు తీసేయాలి. ఒక పలక మీద ధనావేశం, రెండో దాని మీద సరిగ్గా అంతే ఋణావేశం మిగిలిపోతాయి. మామూలు మల్టీమీటర్ పెడితే ఆవేశం దాని గుండానే కారిపోతుంది. అందుకే ఆవేశాన్ని దాదాపు ముట్టుకోని ఎలక్ట్రోమీటర్ పెట్టాలి. ముల్లు 500 దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు 2 మిల్లీమీటర్ల మందమున్న గాజు పలకను పొడిగా తుడిచి ఆ సందులోకి మెల్లగా జరిపితే ముల్లు దిగడం మొదలవుతుంది. 400, 300, 200. గాజు పూర్తిగా లోపలికి వెళ్లేసరికి సుమారు 100 దగ్గర ఆగుతుంది. గాజును బయటికి లాగేస్తే ముల్లు మళ్లీ 500కి ఎక్కుతుంది.

ఎక్కింది కాబట్టి ఆవేశం కారిపోలేదని తేలిపోయింది. కారిపోయిన ఆవేశం తిరిగి రాదు. మొదట పలకల మీద ఎంత ఉందో గాజు దూరాక కూడా అంతే ఉంది: 88.5 నానోకూలుంబ్‌లు (ఆవేశానికి ప్రమాణం కూలుంబ్), అంటే దాదాపు 55 వేల కోట్ల ఎలక్ట్రాన్ల ఆవేశం. మరి 400 వోల్టులు ఎటు పోయాయి? స్థిర విద్యుత్ పాఠంలో పొటెన్షియల్, రోధకం (గాజులా విద్యుత్తును ప్రవహించనివ్వని పదార్థం), కెపాసిటెన్స్ అనేవి మూడు వేర్వేరు విషయాల్లా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక్కోదానికి ఒక నిర్వచనం, ఒక సూత్రం, నాలుగు లెక్కలు. ఆ ముల్లు ఎందుకు దిగిందో తెలుసుకుంటే మూడూ ఒకటే కథ అని అర్థమవుతుంది.

చిక్కంతా కెపాసిటెన్స్ అనే మాటతోనే మొదలవుతుంది. ఆ పేరు వినగానే పాత్ర గుర్తొస్తుంది, ఈ పాత్రలో ఇన్ని లీటర్లు పడతాయన్నట్టు ఈ కెపాసిటర్‌లో, అంటే ఇలాంటి పలకల జంటలో, ఇంత ఆవేశం పడుతుందనిపిస్తుంది. నిర్వచనం చెప్పేది అది కాదు. ఆవేశాన్ని పొటెన్షియల్ భేదంతో భాగిస్తే వచ్చేది కెపాసిటెన్స్. అంటే ఎంత పడుతుందన్నది కాదు, ఇంత ఆవేశం పెడితే వోల్టేజీ ఎంత పెరుగుతుందన్నదే అది కొలిచేది. పాత్రతోనే పోల్చాలంటే దాన్ని పాత్ర ఘనపరిమాణంతో కాక అడుగు వెడల్పుతో పోల్చాలి. వెడల్పాటి పళ్లెంలో చెంబుడు నీళ్లు పోస్తే మట్టం కాస్తే పెరుగుతుంది, సన్నటి గొట్టంలో పోస్తే అంచుదాకా వస్తుంది. నీళ్లు ఆవేశం, మట్టం వోల్టేజీ, అడుగు వెడల్పు కెపాసిటెన్స్. అంచు ఎంత ఎత్తులో ఉందన్నది పూర్తిగా వేరే విషయం, దాని సంగతి తర్వాత వస్తుంది.

ముందు ఆ మట్టం, అంటే పొటెన్షియల్. దీన్ని పని లెక్కతో మొదలుపెట్టడమే మేలు. ధనావేశమున్న గోళం వైపు ఇంకో చిన్న ధనావేశాన్ని తోసుకెళ్లాలంటే వికర్షణకు ఎదురుగా పని చేయాలి. చేసిన పని వృథా కాదు, స్థితిజ శక్తిగా నిలిచి ఉంటుంది, వదిలేస్తే ఆ చిన్న ఆవేశం వేగంగా వెనక్కి దూసుకుపోతుంది. అనంత దూరం నుంచి ఒక బిందువు దాకా తేవడానికి ఒక్కో కూలుంబ్‌కు ఎన్ని జౌళ్ల పని పడుతుందో అదే ఆ బిందువు పొటెన్షియల్. కూలుంబ్‌కు ఒక జౌల్ అయితే ఒక వోల్ట్. ఏ దారిన తెచ్చినా ఈ లెక్క మారదు, ఎందుకంటే బలం ఆవేశం నుంచి నేరుగా బయటికి ఉంటుంది, అడ్డంగా ఎంత నడిచినా పని సున్నా. దారిని బట్టి మారేదే అయితే తేలిక దారిన ఎక్కి కష్టమైన దారిన దిగుతూ అంతులేకుండా శక్తి పిండుకోవచ్చు. ప్రకృతి దానికి ఒప్పుకోదు.

ఒక నానోకూలుంబ్ బిందు ఆవేశం తీసుకుంటే దానికి 10 సెంటీమీటర్ల దూరంలో పొటెన్షియల్ 90 వోల్టులు, మీటరు దూరంలో 9 వోల్టులు. అవే చోట్ల విద్యుత్ క్షేత్రం, అంటే ఒక్కో కూలుంబ్ మీద పడే బలం, మీటరుకు 900 వోల్టులు, 9 వోల్టులు. దూరం పదింతలైతే పొటెన్షియల్ పదో వంతుకు, క్షేత్రం నూరో వంతుకు తగ్గాయి. రెండూ ఒకే ఆవేశం వల్ల వచ్చినా రెండూ ఒకటి కాదు. ఎత్తు వేరు, వాలు వేరు. పొటెన్షియల్ ఎత్తు అయితే క్షేత్రం వాలు.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండు సమాన ధనావేశాల నట్టనడుమ క్షేత్రం సున్నా, పొటెన్షియల్ మాత్రం ఒక్కో ఆవేశం ఇచ్చేదానికి రెట్టింపు. అది ఎత్తయిన చోటే, కానీ అక్కడ నేల చదునుగా ఉంది. ఒక ధనావేశం, దానికి సమానమైన ఒక ఋణావేశం నడుమ చూస్తే తిరగబడుతుంది: పొటెన్షియల్ సున్నా, క్షేత్రం బలంగా ఉంటుంది. అక్కడ పెట్టిన ఆవేశం కదలకుండా ఉండదు, ఒక్కసారిగా లాగబడుతుంది. పొటెన్షియల్ సున్నా అన్నంత మాత్రాన అక్కడేమీ లేదనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. వాహకం లోపలి సంగతీ ఇంతే. లోపల క్షేత్రం సున్నా కాబట్టి పొటెన్షియల్ అంతటా ఒకటే, అది సున్నా కావాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు మళ్లీ పలకల దగ్గరికి. దగ్గరగా ఉన్న సమాంతర పలకల నడుమ క్షేత్రం అంతటా ఒకేలా ఉంటుంది, అంచుల దగ్గర తప్ప. అప్పుడు వోల్టేజీ అంటే క్షేత్రాన్ని దూరంతో గుణించడమే. 500 వోల్టులను 2 మిల్లీమీటర్లతో భాగిస్తే క్షేత్రం మీటరుకు రెండున్నర లక్షల వోల్టులు. గాజు దూరాక దూరం మారలేదు, వోల్టేజీ 100కి పడింది. అంటే క్షేత్రమే మీటరుకు 50 వేల వోల్టులకు తగ్గింది. 400 వోల్టులు ఎటు పోయాయన్న ప్రశ్న ఇప్పుడు ఇలా మారింది: పలకల మీద ఆవేశం అంతే ఉండగా నడుమ క్షేత్రాన్ని ఐదో వంతుకు తగ్గించింది ఎవరు?

దానికి జవాబు చెప్పే ముందు, అసలు రెండు పలకలు ఎందుకు కావాలో చూడాలి. ఒంటరి లోహ గోళానికీ కెపాసిటెన్స్ ఉంటుంది. దాని వ్యాసార్థాన్ని మీటర్లలో తీసుకుని 900 కోట్లతో భాగిస్తే కెపాసిటెన్స్ దాని ప్రమాణమైన ఫారడ్‌లలో వస్తుంది. భూమంత గోళాన్ని తీసుకుంటే, 6,371 కిలోమీటర్ల వ్యాసార్థానికి, సుమారు 710 మైక్రోఫారడ్‌లు. సర్క్యూట్ బోర్డు మీద బొటనవేలంత డబ్బాలో కూర్చునే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద 1000 మైక్రోఫారడ్‌లని రాసి ఉంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి కాసేపు ఆలోచించాలి. భూగోళం కంటే ఆ డబ్బా మిన్న కావడానికి కారణం అందులో చోటు ఎక్కువుండటం కాదు, ధనావేశానికి అతి దగ్గరగా ఋణావేశాన్ని తెచ్చి కూర్చోబెట్టడం. ధనావేశం పొటెన్షియల్‌ను పైకి నెడుతుంటే పక్కనున్న ఋణావేశం కిందికి లాగుతుంది. ఆవేశం చాలా ఉంటుంది, వోల్టేజీ పెద్దగా పెరగదు. రెండో పలక చేసే పని ఇదొక్కటే.

ఒంటరి గోళానికి కెపాసిటెన్స్ అంత తక్కువ కావడం వల్లే కొంచెం ఆవేశంతోనే భారీ వోల్టేజీలు వస్తాయి. భారీ వోల్టేజీలు పుట్టించే వాన్ డీ గ్రాఫ్ యంత్రంలో 15 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న గోళం కెపాసిటెన్స్ 17 పికోఫారడ్‌ల లోపే. దాని మీద 7.5 మైక్రోకూలుంబ్‌లు చేరితే నాలుగున్నర లక్షల వోల్టులు. మనిషి ఒంటి కెపాసిటెన్స్ సుమారు 100 పికోఫారడ్‌లు. పొడి వాతావరణంలో తివాచీ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనడానికి ముందు ఒంటి మీద 10 వేల వోల్టులు ఉన్నా ఆవేశం ఒక్క మైక్రోకూలుంబే, శక్తి 5 మిల్లీజౌళ్లే. అన్ని వేల వోల్టులు తగిలినా మనిషికి ఏమీ కాకపోవడానికి కారణం ఇదే.

ఫారడ్ ఎంత పెద్ద ప్రమాణమో కూడా ఇక్కడే తెలుస్తుంది. గాలిలో మిల్లీమీటరు ఎడంతో రెండు పలకలు పెట్టి ఒక్క ఫారడ్ తేవాలంటే ఒక్కో పలక వైశాల్యం 113 చదరపు కిలోమీటర్లు ఉండాలి. కెపాసిటర్ల చరిత్రంతా ఆ 113 చదరపు కిలోమీటర్లను గుప్పిట్లోకి కుదించడానికి పడిన ప్రయాసే. వైశాల్యం పెంచడం, ఎడం తగ్గించడం, నడుమ మంచి పదార్థం పెట్టడం. నాలుగో దారి లేదు.

మొదటి కెపాసిటర్ తయారైనప్పుడు అది కెపాసిటర్ అని ఎవరికీ తెలియదు. 1745లో ఎవాల్డ్ గియోర్గ్ ఫాన్ క్లైస్ట్, ఆ వెంటనే 1746లో లైడెన్ నగరంలో పీటర్ ఫాన్ ముస్షెన్‌బ్రూక్, విద్యుత్తును సీసాలో పట్టి ఉంచే ప్రయత్నంలో గట్టి షాక్ తిన్నారు. సీసాలో నీళ్లు ఒక పలక, సీసాను పట్టుకున్న చెయ్యి రెండో పలక, నడుమ గాజు. విద్యుత్తు నీళ్లలో నిల్వ ఉందనుకున్నారు. ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో జాన్ అంత్వాన్ నొల్లే, రాజు సమక్షంలో 180 మంది సైనికులను చేతులు పట్టుకుని నిలబడమని ఆ సీసా షాక్ పంపితే అందరూ ఒక్కసారే ఎగిరిపడ్డారు.

అందులో అసలు పని చేస్తున్నదేమిటో తేల్చడానికి పూనుకున్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆవేశమున్న సీసాలోంచి నీళ్లను ఇంకో సీసాలోకి ఒంపాడు. ఆ నీళ్లలో విద్యుత్తు జాడ లేదు. పాత సీసాలో కొత్త నీళ్లు పోస్తే షాక్ కొట్టింది. కాబట్టి మహిమ గాజుదేనని నిర్ణయించి, సీసా ఆకారమూ అక్కర్లేదని గాజు పలకకు రెండు వైపులా సీసపు రేకులు పెట్టి చూపించాడు. అతడి ప్రయోగంలో ఒక మెలిక ఉంది. అంత ఎక్కువ వోల్టేజీల దగ్గర ఆవేశం లోహం మీంచి గాజు ఉపరితలం మీదికి చేరిపోతుంది, గాజుకు అంటుకుని ఉండే తేమ పొర అందుకు సాయపడుతుంది. అందుకే నీళ్లను ఒంపేసినా, లోహాన్ని విడదీసినా ఆవేశం గాజు మీదే మిగిలింది. మామూలు కెపాసిటర్‌లో స్వేచ్ఛా ఆవేశం ఉండేది లోహపు పలకల మీదే, రోధకం లోపల కాదు. అయినా ఫ్రాంక్లిన్ చూపు పడిన చోటు సరైనదే. నడుమ ఉన్న పదార్థం కేవలం అడ్డుగోడ కాదని మొదట అనుమానం వచ్చింది అక్కడే.

ఆ అనుమానాన్ని కొలతగా మార్చినవాడు మైకేల్ ఫారడే. 1837లో అచ్చం ఒకేలా ఉండే రెండు పరికరాలు చేయించాడు. ఒక్కోదానిలో ఒక లోహ గోళం లోపల ఇంకో గోళం. ఒకదాని సందులో గాలి, ఇంకోదాని సందులో లక్క, గంధకం, గాజు వంటి పదార్థాలు. ఒకదానికి ఆవేశం ఇచ్చి రెండింటినీ కలిపితే, ఆకారం ఒకటే కాబట్టి సగం సగం పంచుకోవాలి. అలా పంచుకోలేదు. పదార్థమున్న పరికరానికే ఎక్కువ వాటా పోయింది. పదార్థం పెడితే కెపాసిటెన్స్ ఎన్ని రెట్లవుతుందో ఆ సంఖ్యనే ఈనాడు రోధక స్థిరాంకం అంటున్నాం. గాలికి 1.0006, టెఫ్లాన్‌కు 2.1, అభ్రకానికి 6కి అటూఇటూ, గాజుకు రకాన్నిబట్టి 5 నుంచి 10. మన ప్రయోగంలోది 5 ఉన్న గాజు అనుకున్నాం, అందుకే వోల్టేజీ ఐదో వంతుకు పడింది.

సంఖ్య తెలిసింది, కారణం ఇంకా తేలలేదు. గాజులో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేవు, కాబట్టి ఆవేశం ఇటు నుంచి అటు ప్రవహించదు. అయినా ప్రతి పరమాణువులోనూ ధనావేశపు కేంద్రకం, దాని చుట్టూ ఋణావేశపు మేఘం ఉన్నాయి. క్షేత్రం తగిలినప్పుడు మేఘం ధన పలక వైపు కొంచెం ఒరుగుతుంది, కేంద్రకం రెండో వైపుకు. ప్రతి పరమాణువూ చిన్న ద్విధ్రువం అవుతుంది. గాజు లోపల ఒకదాని ధన కొస పక్కదాని ఋణ కొసను కప్పేస్తుంది, నికరంగా ఏమీ మిగలదు. కప్పడానికి పక్కన ఎవరూ లేని చోటు ఒక్కటే: గాజు రెండు ముఖాలు. ధన పలకకు ఎదురుగా ఉన్న ముఖం మీద ఋణావేశం, ఋణ పలకకు ఎదురుగా ధనావేశం తేలతాయి. ఇది బద్ధ ఆవేశం, తీగ పెట్టి తోడుకోలేనిది. ఇది పుట్టించే క్షేత్రం పలకల క్షేత్రానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. మన గాజులో ఈ బద్ధ ఆవేశం పలకల మీది ఆవేశంలో 80 శాతం. మిగిలిన 20 శాతానికి తగిన క్షేత్రమే లోపల మిగులుతుంది. పోయిన 400 వోల్టుల లెక్క ఇక్కడ తేలింది.

దీనికోసం ఎలక్ట్రాన్లు ఎంత కదిలాయో లెక్క వేస్తే నమ్మడం కష్టం. గాజు ముఖాల మీద చదరపు మీటరుకు 1.77 మైక్రోకూలుంబ్‌ల బద్ధ ఆవేశం వచ్చింది. ఘనపు మీటరు గాజులో ఉన్న ఎలక్ట్రాన్లన్నింటి ఆవేశం కలిపితే దాదాపు పన్నెండు వేల కోట్ల కూలుంబ్‌లు. అన్ని ఎలక్ట్రాన్లకూ సమానంగా పంచి సగటు చూస్తే ఒక్కోటి జరిగిన దూరం ప్రోటాన్ వ్యాసంలో నూరో వంతు. నిజానికి బయటి కక్ష్యల ఎలక్ట్రాన్లు ఎక్కువ, లోపలివి తక్కువ కదులుతాయి, గాజులోని అయాన్లు కూడా కొంత జరుగుతాయి. ఆ సవరణలన్నీ చేసినా ఆ ఒరుగుదల పరమాణువు ముందు లెక్కలోకి రానంత చిన్నదే. అంత చిన్న ఒరుగుదలే 400 వోల్టులను మింగింది. పదార్థంలో దాగి ఉన్న ఆవేశం ఎంత అపారమో, సమతూకం ఎంత కచ్చితంగా ఉంటే మనకు అది కనిపించకుండా పోతుందో ఈ లెక్క చెప్పినంత బాగా మరేదీ చెప్పదు.

గాజు సందుకు సరిగ్గా సరిపోకపోతే? 1.8 మిల్లీమీటర్ల గాజు పెట్టి 0.2 మిల్లీమీటర్ల గాలి వదిలితే, గాలిలో క్షేత్రం పాతదే, మీటరుకు రెండున్నర లక్షల వోల్టులు, గాజులో 50 వేలు. గాలి వంతు 50 వోల్టులు, గాజు వంతు 90, మొత్తం 140. పదో వంతు గాలి మిగిలినందుకు వోల్టేజీ 100 నుంచి 140కి పెరిగింది. ఐదు రెట్లవ్వాల్సిన కెపాసిటెన్స్ మూడున్నర రెట్ల దగ్గరే ఆగిపోయింది. హై వోల్టేజీ కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చేసేవాళ్లకు ఇన్సులేషన్‌లో గాలి బుడగ అంటే అంత భయం ఉండటానికి కారణం ఇదే. బలహీనమైన గాలి మీదే ఎక్కువ క్షేత్రం పడుతుంది. బుడగలో చిన్న చిన్న స్పార్కులు పుట్టి, ఏళ్ల తరబడి చుట్టూ ఉన్న ఇన్సులేషన్‌ను తినేస్తాయి.

క్షేత్రం తగిలి పదార్థంలోని ధన, ఋణావేశాలు ఇలా ఎడమవడాన్ని ధ్రువణం అంటారు. మేఘం ఒరగడం ఒక్కటే ధ్రువణం కాదు. ఉప్పు వంటి స్ఫటికాల్లో ధన, ఋణ అయాన్లు ఎదురెదురు దిశల్లో జరుగుతాయి. నీటి అణువు అయితే పుట్టుకతోనే ద్విధ్రువం. ఆక్సిజన్ వైపు ఋణం, హైడ్రోజన్ల వైపు ధనం. క్షేత్రం తగలగానే అణువులు కొంతమేరకు అటు తిరుగుతాయి. పూర్తిగా తిరగనివ్వకుండా ఉష్ణ చలనం చెదరగొడుతూనే ఉంటుంది, అందుకే వేడి పెరిగితే నీటి రోధక స్థిరాంకం తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 80. ఉప్పు నీళ్లలో అంత సులువుగా కరగడం వెనుక ఉన్నదీ ఈ సంఖ్యే, సోడియం, క్లోరైడ్ అయాన్ల నడుమ ఆకర్షణను నీరు దాదాపు 80వ వంతుకు దించేస్తుంది.

అదే నీటి మీద కాంతి పడితే 80 ఎక్కడా కనిపించదు. కాంతికి నీటి వక్రీభవన గుణకం 1.33, దాని వర్గం 1.77. ఆ పౌనఃపున్యం దగ్గర రోధక స్థిరాంకం అంతే. సెకనుకు అన్ని కోట్ల కోట్ల సార్లు దిశ మార్చే క్షేత్రంతో బరువైన అణువు తిరగలేదు, ఎలక్ట్రాన్ మేఘం ఒక్కటే దాన్ని అందుకోగలదు. ఈ రెండు కొసల నడుమ, సెకనుకు వందల కోట్ల సార్లు ఊగే మైక్రోవేవ్‌ల దగ్గర, అణువులు తిరుగుతూనే వెనకబడతాయి. వెనకబడటమంటే రాపిడి, రాపిడి అంటే వేడి. కాబట్టి రోధక స్థిరాంకాన్ని మార్పులేని ఒకే సంఖ్యగా పట్టికలోంచి ఎత్తి రాసుకోవడం సగం నిజమే. ఏ పౌనఃపున్యం దగ్గర, ఎంత ఉష్ణోగ్రత దగ్గర అన్నది కూడా అడగాలి.

ఇక గాజును లోపలికి జరిపేటప్పుడు చేతికి తెలిసే విషయం ఒకటుంది. గాజును తోయనక్కర్లేదు, అదే లోపలికి లాగబడుతుంది. బలం చాలా స్వల్పం, దాన్ని పట్టుకోవడానికి సున్నితమైన ఏర్పాటు కావాలి, కానీ ఉంది. తీగలు తీసేసిన పలకల్లో మొదట 22 మైక్రోజౌళ్ల శక్తి ఉండేది, గాజు దూరాక నాలుగున్నర కూడా లేదు. తగ్గిన దాదాపు 18 మైక్రోజౌళ్లు గాజును లాగడానికి ఖర్చయ్యాయి. శక్తి తగ్గే వైపుకు వస్తువు పోవడం సహజమే.

ఇప్పుడు తీగలు తీయకుండా, సప్లై 500 దగ్గరే ఉంచి గాజును జరిపితే? వోల్టేజీ మారదు, కాబట్టి క్షేత్రమూ మారదు. ఆవేశం ఐదింతలై 442 నానోకూలుంబ్‌లు దాటుతుంది. నిల్వ ఉన్న శక్తి 22 నుంచి 110 మైక్రోజౌళ్లకు పెరుగుతుంది. శక్తి పెరిగింది కాబట్టి ఇప్పుడు గాజు బయటికి నెట్టబడాలి కదా అనిపిస్తుంది. పరీక్షల్లో ఎంతోమంది అలాగే రాస్తారు. కానీ గాజు ఈసారి కూడా లోపలికే లాగబడుతుంది. లెక్కలో సప్లైని మరిచిపోవడమే పొరపాటు. అదనంగా వచ్చిన 354 నానోకూలుంబ్‌లను 500 వోల్టుల దగ్గర అందించడానికి సప్లై 177 మైక్రోజౌళ్లు ఖర్చుపెట్టింది. అందులో సరిగ్గా సగం పలకల నడుమ నిల్వ అయింది, మిగతా సగం గాజును లాగింది. అసలు లాగే బలం పుట్టేది పలకల అంచుల దగ్గర బయటికి ఉబ్బిన క్షేత్రంలో. నడుమ క్షేత్రం పలకలకు లంబంగా ఉంటుంది, దానికి పక్కకు లాగే శక్తి లేదు. పాఠం మొదట్లో పట్టించుకోనక్కర్లేదని వదిలేసిన ఆ అంచు క్షేత్రమే ఈ పనంతా చేస్తోంది.

సగం లెక్క ఇంకో చోట కూడా ఎదురవుతుంది. ఖాళీ కెపాసిటర్‌ను స్థిర వోల్టేజీ సప్లైకి కలిపితే సప్లై ఇచ్చిన శక్తిలో సగమే కెపాసిటర్‌లోకి చేరుతుంది, సగం తీగల్లో వేడైపోతుంది. నిరోధం పెంచినా, తగ్గించినా వేడి మారదు, ఛార్జ్ అయ్యే సమయమే మారుతుంది. కారణం సులువు: మొదటి ఎలక్ట్రాన్ వచ్చేటప్పుడు కెపాసిటర్ వోల్టేజీ సున్నా, చివరిది వచ్చేటప్పుడు 500, సగటు 250. సప్లై మాత్రం ప్రతిదాన్నీ 500 దగ్గర నుంచే వదిలింది. ముందు 250కి, తర్వాత 500కి రెండు మెట్లలో ఛార్జ్ చేస్తే నష్టం సగానికి తగ్గుతుంది, మెట్లు పెంచినకొద్దీ ఇంకా తగ్గుతుంది.

నిల్వ చేసిన శక్తి తక్కువే అయినా దాన్ని ఒక్కసారే వదలగలగడం కెపాసిటర్ ప్రత్యేకత. కెమెరా ఫ్లాష్‌లో 120 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను 300 వోల్టులకు ఛార్జ్ చేస్తే ఉండేది 5.4 జౌళ్లే. మిల్లీసెకనులో ఖాళీ అయితే ఆ క్షణంలో 5,400 వాట్లు.

ఇప్పుడు పాత్ర అంచు సంగతి. వోల్టేజీ పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట పదార్థం తెగిపోతుంది. గాలి మిల్లీమీటరుకు సుమారు 3 వేల వోల్టుల దగ్గర స్పార్క్ ఇస్తుంది. ఈ హద్దుకు రోధక దృఢత్వమని పేరు, రోధక స్థిరాంకానికీ దీనికీ నేరుగా చుట్టరికం లేదు. పాలీప్రొపిలీన్ స్థిరాంకం 2.2 మాత్రమే, అయినా హై వోల్టేజీ కెపాసిటర్లకు ఇంజినీర్లు దాన్నే కోరుకుంటారు, ఎందుకంటే పలుచటి ఫిల్మ్ గాలి కంటే ఎన్నో రెట్ల క్షేత్రాన్ని తట్టుకుంటుంది, వేడి రూపంలో శక్తిని దాదాపు పోగొట్టదు. బేరియం టైటనేట్ సెరామిక్ స్థిరాంకం వేలల్లో ఉంటుంది, ఫోన్ బోర్డు మీద కనిపించే ఇసుకరేణువుల్లాంటి కెపాసిటర్లు దానితో చేసినవే. కానీ వోల్టేజీ పెంచేకొద్దీ దాని స్థిరాంకం పడిపోతుంది. అలాంటి కెపాసిటర్‌కు చెప్పే విలువ సున్నా వోల్టేజీ దగ్గరిది, వాడే చోట అందులో సగం కూడా రాకపోవచ్చు. కొత్త డిజైనర్లు తరచూ దెబ్బతినేది దీని దగ్గరే.

అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎడం తగ్గించే దారిని ఎంచుకుంది. అల్యూమినియం రేకు మీద విద్యుత్ రసాయన చర్యతో ఆక్సైడ్ పొర పెంచుతారు, పెట్టిన ప్రతి వోల్టుకూ సుమారు 1.4 నానోమీటర్ల మందం. ఆ పొరే రోధకం. రేకును ముందే ఆమ్లంతో తినిపించి గుంటలు గుంటలుగా చేస్తారు కాబట్టి వైశాల్యమూ పెరుగుతుంది. భూగోళాన్ని బొటనవేలంత డబ్బా ఓడించింది ఈ రెండింటితోనే. ధన, ఋణ కొసలు తిరగేసి కలిపితే ఆక్సైడ్ పొర చెడుతుంది, డబ్బా వేడెక్కి ఉబ్బుతుంది, పగలనూ వచ్చు.

వీటన్నింటికంటే సున్నితమైన కెపాసిటర్ ప్రతి జీవకణం చుట్టూ ఉంది. కణత్వచం మందం సుమారు 5 నానోమీటర్లు, కొవ్వు పొర రోధకం, లోపలా బయటా ఉప్పు నీళ్లే పలకలు. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక మైక్రోఫారడ్. మన పలకల వైశాల్యమంతా అలాంటి త్వచమైతే కెపాసిటెన్స్ 20 లక్షల రెట్లు దాటుతుంది. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలికీ బయటికీ తేడా 70 మిల్లీవోల్టులు, చూడటానికి ఏమాత్రం కాదు. 5 నానోమీటర్లతో భాగిస్తే క్షేత్రం మీటరుకు 1.4 కోట్ల వోల్టులు. గాలి తెగిపోయే హద్దుకు నాలుగు రెట్లకు పైగా. వోల్టేజీ ఒక్కటే చూసి క్షేత్రాన్ని మరిచిపోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

చివరగా, ముల్లు తిరిగి లేవడం. పెద్ద కెపాసిటర్‌ను ఛార్జ్ చేసి చాలాసేపు ఉంచి, రెండు కొసలనూ ఒక్క క్షణం కలిపి ఖాళీ చేసి, వదిలేసి మీటర్ పెడితే సున్నా చూపిస్తుంది. అలాగే కాసేపు ఉంచితే ముల్లు మెల్లగా పైకి లేస్తుంది. పలకల మీది ఆవేశం క్షణంలో పోయింది, ఎలక్ట్రాన్ మేఘాలు క్షణంలో సర్దుకున్నాయి, కానీ రోధకంలో మందకొడిగా తిరిగే ద్విధ్రువాలు, లోపల చిక్కుకున్న ఆవేశాలు ఇంకా పాత స్థితిలోనే ఉన్నాయి. అవి నింపాదిగా వెనక్కి వస్తుంటే, వాటిని కప్పుతూ ఉండిన ఆవేశం పలకల మీద విడుదలై మళ్లీ వోల్టేజీగా కనిపిస్తుంది. పాలీప్రొపిలీన్‌లో ఇది లేదనదగినంత తక్కువ, ఎలక్ట్రోలిటిక్ రకాల్లో మొదటి వోల్టేజీలో పదో వంతు దాకా తిరిగి రావచ్చు. వేల వోల్టుల కెపాసిటర్‌కు పదో వంతు అంటే ప్రాణం తీయడానికి చాలు. అందుకే అలాంటి వాటిని ఖాళీ చేశాక కూడా రెండు కొసలనూ రాగి తీగతో గట్టిగా బిగించి, ఆ తీగను అలాగే ఉంచి భద్రపరుస్తారు.